ఎవరి కోసం ఎవరు ఆగాలి? కంప్యూటర్ లూపుల లెక్క మన తెలుగు తరగతిలోనే

ఏటా జూన్ చివర్లో విదర్భలో బడులు తెరిచే రోజుల్లో, చంద్రపూర్ జిల్లాలో తెలుగు మీడియం పిల్లలకి చదువు చెప్పే మాలాంటి వాళ్లకి ఒకే ప్రశ్న రకరకాలుగా ఎదురవుతుంది. "సార్, పిల్లాడికి లెక్కలు బాగానే వస్తున్నాయి. పెద్దయ్యాక కంప్యూటర్ చదువుతానంటున్నాడు. తెలుగులో చదివితే అది వస్తుందా? ఇప్పుడే దాఖలా తీసుకుని ఇంగ్లీషు బడిలో వేయమంటారా?" అడిగేది ఎవరో కాదు. బొగ్గు గనిలో షిఫ్టు దిగి వచ్చిన తండ్రి, కాగితం మిల్లులో కాంట్రాక్టు పనికి పోయే తల్లి, పత్తి చేను కౌలుకు చేసుకునే తాత. వాళ్ల భయంలో న్యాయం ఉంది. ఒక్కో ఏడు ఇద్దరు ముగ్గురు పిల్లలు ఈ కారణంతోనే బడి మారుతున్నారు. ఉన్న తరగతిలో సంఖ్య తగ్గేకొద్దీ ఆ తరగతి నిలవడమే కష్టమవుతుంది.

"వస్తుంది లెండి" అని ఊరడించి పంపడం మాకు ఇష్టం లేదు. చూపించి చెప్పాలి. అందుకని కంప్యూటర్ చదువులో తేలికైన సంగతి వదిలేసి, ఇంజనీరింగ్‌లో పై తరగతులకి వెళ్లాక చెప్పే సంగతినే ఇక్కడ తీసుకుంటున్నాం. ఒక ప్రోగ్రాంలోని లూపులను ఎలా మారిస్తే, చాలా ప్రాసెసర్లున్న యంత్రం మీద అది వేగంగా నడుస్తుంది? ఇందులో ఎంత భాగం మన ఎనిమిదో తరగతి పిల్లలకి తెలుగులో అందుతుందో చదివి మీరే చెప్పండి.

లూప్ అంటే ఎక్కమే

ఏడు ఒకట్ల ఏడు, ఏడు రెళ్ళు పద్నాలుగు, ఏడు మూళ్ళు ఇరవై ఒకటి. చేసే పని ఒకటే, మారేది అంకె. ఇలా ఒకే పనిని అంకె మార్చుకుంటూ మళ్లీ మళ్లీ చేయమని కంప్యూటర్‌కి చెప్పడమే లూప్. ఒక్కోసారి చేసే పనిని ఈ వ్యాసంలో 'చుట్టు' అందాం. కరెంటు బిల్లులు వేసే ప్రోగ్రాంలో ఇల్లిల్లూ ఒక చుట్టు. వాన జోస్యం చెప్పే ప్రోగ్రాంలో దేశమంతా పరిచిన చుక్కల్లో ప్రతి చుక్కా ఒక చుట్టు. పెద్ద లెక్కలు చేసే ప్రోగ్రాంలకి పట్టే సమయంలో ఎక్కువ భాగం ఇలాంటి కొద్దిపాటి లూపుల్లోనే గడుస్తుంది. అందుకే వేగం కావాలంటే ముందు చూడాల్సింది వాటినే.

ఒకప్పుడు ఈ బాధ అంతగా లేదు. కొత్త ప్రాసెసర్ వచ్చినప్పుడల్లా పాత ప్రోగ్రామే ఇంకొంచెం జోరుగా నడిచేది. 2005 ప్రాంతానికి ఆ దారి దాదాపు మూసుకుపోయింది. ప్రాసెసర్ వేగం పెంచేకొద్దీ అది విపరీతంగా వేడెక్కుతుంది. వేడి సంగతి చంద్రపూర్ వాళ్లకి ఒకరు చెప్పాలా! దాంతో కంపెనీలు ఒక్క ప్రాసెసర్ వేగం పెంచే బదులు ఒకే చిప్పులో రెండు, నాలుగు, ఎనిమిది కోర్లు పెట్టడం మొదలుపెట్టాయి. ఇవాళ మామూలు ఫోనులోనూ ఎనిమిది కోర్లు ఉంటున్నాయి. బొమ్మలు గీయడానికి పుట్టి ఇప్పుడు కృత్రిమ మేధకి పనిచేస్తున్న జీపీయూ చిప్పుల్లో చిన్న చిన్న కోర్లు వేలల్లో ఉంటాయి.

ఇక్కడే చిక్కు. ఒక్కడు చేసేలా రాసిన పనిని ఎనిమిది మంది ముందు పెడితే ఒక్కడే చేస్తాడు, ఏడుగురు చూస్తారు. పనిని పంచి ఇవ్వాలి. పంచేముందు ఒక ప్రశ్నకి జవాబు తెలియాలి. ఎవరి కోసం ఎవరు ఆగాలి? ఈ విద్యంతా ఆ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

పత్తి సాళ్లు, ఇడ్లీ ప్లేట్లు

కోర్పనా వైపు పత్తి ఏరడానికి పది మంది కూలీలు వస్తే తలా ఒక సాలు పట్టుకుంటారు. ఒకరి సాలుకి మరొకరి సాలుతో పని లేదు. ఎవరు ముందు ఏరినా, ఎవరు వెనక ఏరినా చివరికి వచ్చే పత్తి ఒకటే. ఇలాంటి లూప్‌ని ఎన్ని కోర్లకైనా నిశ్చింతగా పంచవచ్చు.

వంటింట్లో దోసెలు ఒక్కొక్కటిగా పోస్తాం. ఇడ్లీలు అలా కాదు. ఒకే ఆవిరి మీద ప్లేటు నిండా ఉన్నవన్నీ ఒకేసారి ఉడుకుతాయి. ప్రాసెసర్‌లోనూ ఇడ్లీ ప్లేటు లాంటి ఏర్పాటు ఉంది. ఒకే ఆజ్ఞతో నాలుగో ఎనిమిదో సంఖ్యల జతలను ఒకేసారి కూడుతుంది. దాన్ని వెక్టర్ పద్ధతి అంటారు. అయితే ప్లేటులో ఉన్న గుంటలన్నిటికీ ఒకే పిండి, ఒకే పని పడాలి. ఒకదానికి ఆవిరి, పక్కదానికి నూనె అంటే కుదరదు.

మిల్లులో ఇంకో రకం చూస్తాం. గుజ్జు తయారు కావాలి, అది కాగితంగా పరచుకోవాలి, ఆ కాగితం కోతకి వెళ్లాలి. ఈ మూడూ వరసగానే జరగాలి. ఒక్కోదానికి గంట పడుతుందనుకుంటే పది విడతల సరుకుకి ముప్పై గంటలు కావాలి. కానీ మొదటి విడత రెండో మెట్టుకి చేరగానే రెండో విడతని మొదటి మెట్టులో పెట్టేస్తే పన్నెండు గంటల్లో అంతా అయిపోతుంది. మెట్ల వరస చెడలేదు, ఏ మెట్టూ ఖాళీగా ఉండలేదు. లూపుల్లో దీన్ని పైప్‌లైన్ పద్ధతి అంటారు.

బారువడ్డీ, చక్రవడ్డీ

ఇప్పుడు మన లెక్కల పుస్తకంలోకి వద్దాం. పదివేల రూపాయలు, నూటికి ఏటా పది వడ్డీ. బారువడ్డీ అయితే మొదటి ఏటి చివర 11,000, రెండో ఏటి చివర 12,000, మూడో ఏటి చివర 13,000. ఏడో ఏటి మొత్తం కావాలంటే ఆరో ఏటిది తెలియాల్సిన పని లేదు. ఏడు వేలు కలిపితే సరి. పది మంది పిల్లలకి పది ఏళ్లు పంచితే అందరూ ఒకేసారి రాసేస్తారు.

చక్రవడ్డీ అయితే? మొదటి ఏడు 11,000. రెండో ఏడు దాని మీద వడ్డీ కలిపి 12,100. మూడో ఏడు దాని మీద కలిపి 13,310. ఇక్కడ మూడో ఏటిని పట్టుకున్న పిల్ల రెండో ఏటిని పట్టుకున్న పిల్ల చెప్పేదాకా ఆగాలి. ఒక చుట్టు రాసిన విలువ మరో చుట్టుకి కావాలి. దీన్నే 'ఆధారం' అంటారు. ఆధారం ఉన్న చోట పదిమందిని పెట్టినా ఒక్కడి వేగమే.

తరగతిలో చురుకైన పిల్ల ఒకతి లేచి తప్పకుండా అడుగుతుంది: "సార్, సూత్రం వాడొచ్చుగా?" వాడొచ్చు. అసలుని 1.1తో ఎన్నేళ్లయితే అన్నిసార్లు గుణిస్తే చాలు. సూత్రంతో చేస్తే ఏ ఏటికి ఆ ఏడు విడిగా తేలిపోతుంది, ఎవరూ ఎవరి కోసం ఆగరు. లెక్కించే దారి మార్చితే ఆధారమే మాయమైంది. ఈ రంగంలో గొప్ప పనులన్నీ దాదాపు ఈ రెండు రకాలే. ఉన్న లూప్‌లో ఆధారం ఎక్కడుందో పట్టుకోవడం ఒకటి, ఆ ఆధారం పోయేలా లెక్కని వేరేగా రాయడం రెండోది. చక్రవడ్డీ సూత్రం తెలుగులో నేర్చుకున్న పిల్లకి ఈ రెండూ తెలుగులోనే తెలుస్తాయి.

కూడికని పంచడం ఎలా?

1 నుంచి 64 దాకా కూడాలి. ఒక్కడే చేస్తే 63 కూడికలు, ఒకదాని తర్వాత ఒకటి. ప్రతి కూడికకీ అంతకుముందు వచ్చిన మొత్తం కావాలి కాబట్టి చూడగానే పంచడానికి వీల్లేని లూప్‌లా కనిపిస్తుంది. కానీ కూడికలో వరస మార్చినా మొత్తం మారదు. ఎనిమిది మందికి తలా ఎనిమిది సంఖ్యలు ఇద్దాం. అందరూ ఒకేసారి ఏడేసి కూడికలు చేస్తారు. తర్వాత ఇద్దరిద్దరు కలిసి తమ మొత్తాలు కలుపుకుంటారు. ఎనిమిది మొత్తాలు నాలుగవుతాయి, నాలుగు రెండు, రెండు ఒకటి. ఇవి మూడు అంచెలు. ఏడూ మూడూ పది. 63 అంచెల పని పది అంచెల్లో ముగిసి 2,080 వచ్చింది. ఎనిమిది మంది ఉన్నా వేగం ఎనిమిది రెట్లు కాలేదు, ఆరు రెట్లు దాటింది. చివరి కలుపుడుకి పట్టిన సమయమే ఆ తేడా.

ఇందులో ఒక ప్రమాదమూ ఉంది. మధ్యాహ్న భోజనానికి పిల్లల లెక్క బోర్డు మీద ఒకే చోట రాస్తున్నారనుకోండి. బోర్డు మీద 20 ఉంది. ఐదుగురిని కలపాల్సిన లీడరు 20 చూసుకున్నాడు. అదే క్షణంలో ముగ్గురిని కలపాల్సిన లీడరు కూడా 20 చూసుకున్నాడు. మొదటివాడు 25 అని రాశాడు. రెండోవాడు దాన్ని చెరిపి 23 అని రాశాడు. ఉండాల్సింది 28. ఐదుగురికి అన్నం తగ్గింది! ఇద్దరూ కూడిక సరిగ్గానే చేశారు, తప్పు పంపకంలో వచ్చింది. కంప్యూటర్‌లో ఇలాంటి తప్పు ఒకసారి వచ్చి ఒకసారి రాకుండా ఉంటుంది. అందుకే దీన్ని పట్టుకోవడం కష్టం. మందు మాత్రం సులువు. ఎవరి లెక్క వాళ్ల పలక మీద వేసుకుని, చివర్లో ఒకరు కలపాలి.

షావెల్ నిలబడిపోతే

ఓపెన్‌కాస్ట్ గనిలో పనిచేసే తండ్రులకి ఈ భాగం మాకన్నా బాగా తెలుసు. షావెల్ ఎంత పెద్దదైనా, డంపర్లు వరసగా వచ్చి నిలబడకపోతే అది బకెట్ ఎత్తుకుని ఊరకే ఉండాల్సిందే. కంప్యూటర్‌లో ప్రాసెసర్ షావెల్ అయితే, జ్ఞాపకశక్తి నుంచి సంఖ్యలు మోసుకొచ్చే దారి డంపర్ల వరస. ప్రాసెసర్ కూడిక చేసే సమయం కన్నా, దూరపు మెమరీ నుంచి సంఖ్య వచ్చే సమయం ఎన్నో రెట్లు ఎక్కువ. అందుకని ప్రాసెసర్ పక్కనే 'క్యాష్' అనే చిన్న, చురుకైన మెమరీ పెడతారు. ఒక సంఖ్య అడిగితే దాని పక్కనున్న వాటినీ కలిపి అది తెచ్చి పెట్టుకుంటుంది. ఆ పక్కనున్నవే తర్వాత వాడుకుంటే లాభం. వాడుకోకపోతే ఆ మోత దండగ.

దీనికి మా టీచర్లందరూ ఏటా చేసే పని ఒకటుంది. హాజరు పట్టీలో నెలకో పేజీ, పేజీకి నలభై మంది పేర్లు, పది నెలలు. ఒక్కో పిల్లవాడి ఏడాది హాజరు తేల్చాలి. మొదటి పిల్లవాడికి పది పేజీలూ తిప్పి, రెండో పిల్లవాడికి మళ్లీ మొదటినుంచి తిప్పితే, నలభై మందికి నాలుగు వందల పేజీలు చూడాలి. అలా కాకుండా పక్కన ఒక కాగితం మీద నలభై పేర్లు రాసుకుని, జూన్ పేజీలో అందరివీ వేసేసి, జూలై పేజీలో అందరివీ కలుపుకుంటూ పోతే పది పేజీలతో పని అయిపోతుంది. కూడికలు రెండింటిలోనూ అవే. లోపలి లూప్ బయటికి, బయటి లూప్ లోపలికి మారింది, అంతే. 'లూపుల తారుమారు' అని చెప్పే మెళకువ ఇదే. సి భాషలో పట్టిక అడ్డువరసలుగా, ఫోర్ట్రాన్‌లో నిలువు వరసలుగా మెమరీలో ఉంటుంది. అందుకని ఒక భాషలో మంచిదైన వరస మరో భాషలో నెమ్మదిస్తుంది.

ఇంకో మెళకువ పలకలుగా కోయడం. వెయ్యి అడ్డువరసలు, వెయ్యి నిలువు వరసలు ఉన్న రెండు పట్టికలను గుణించాలంటే వంద కోట్ల గుణకారాలు. ఒక్కో సంఖ్య వెయ్యిసార్లు పనికొస్తుంది. చిన్న క్యాష్‌లో పట్టిక మొత్తం పట్టదు కాబట్టి తోచినట్టు చేస్తే ప్రతిసారీ దూరం నుంచి తెచ్చుకోవాల్సి రావచ్చు. పట్టికని 50 అడ్డం, 50 నిలువు పలకలుగా కోసి పలక తర్వాత పలక పూర్తి చేస్తే, ఒక్కో సంఖ్యని ఇరవైసార్లు తెస్తే చాలు. వెయ్యికి బదులు ఇరవై! కృత్రిమ మేధ ప్రోగ్రాంలు చేసేది చాలావరకు ఇలాంటి పట్టికల గుణకారమే. అవి ఇవాళ నడుస్తున్నాయంటే ఈ పలకల కోత కూడా ఒక కారణం.

మన విదర్భ బిడ్డ, పుణె యంత్రం

ఇదంతా ఎక్కడో అమెరికాలో జరిగే సంగతి అనుకోవద్దు. 1980ల చివర్లో మన దేశం వాతావరణ అంచనాల కోసం అమెరికా నుంచి క్రే సూపర్ కంప్యూటర్ కొనాలనుకుంది. అడిగిన దానికన్నా తక్కువ శక్తి ఉన్నదాన్నే వాళ్లు ఇచ్చారు. మన యంత్రం మనమే చేసుకోవాలని 1988లో పుణెలో సీ-డాక్ సంస్థ పెట్టారు. దానికి నాయకత్వం వహించిన విజయ్ భట్కర్ మన విదర్భ మనిషే. అకోలా జిల్లాలోని మురంబా అనే పల్లెలో పుట్టి, నాగపూర్‌లో ఇంజనీరింగ్ చదివారు. 1991లో 'పరమ్ 8000' తయారైంది. ఒక్క మహా ప్రాసెసర్‌ని నమ్ముకోకుండా, ట్రాన్స్‌ప్యూటర్లు అనే చిన్న ప్రాసెసర్లను పదుల సంఖ్యలో కలిపి కట్టిన యంత్రమది. చిన్నవాళ్లు చాలామంది కలిస్తే పెద్దవాడి పని చేయవచ్చని అది చూపింది. అయితే ఆ చిన్నవాళ్లకి పని పంచి ఇచ్చేలా ప్రోగ్రాం రాయాల్సిందే. యంత్రం కొన్నంత మాత్రాన ఆ పంపకం దానంతట అది జరగదు.

ఇవాళ పుణెలోని ఉష్ణమండల వాతావరణ విజ్ఞాన సంస్థలో 'అర్కా' అనే యంత్రం ఉంది. 2024 సెప్టెంబరులో ప్రారంభమైంది. దాని శక్తి 11.77 పెటాఫ్లాప్స్. ఒక పెటాఫ్లాప్ అంటే సెకనుకి 1 పక్కన 15 సున్నాలు పెట్టినన్ని లెక్కలు. ఆ సంస్థ రూపొందించిన 'భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టం'ని 2025 మే 26న దేశానికి అందించారు. అంతకుముందు 12 కిలోమీటర్లకి ఒక చుక్క చొప్పున వేసే అంచనాని ఇప్పుడు 6 కిలోమీటర్లకి ఒకటి చొప్పున వేస్తున్నారు. దూరం సగమైతే చుక్కలు నాలుగు రెట్లవుతాయి. కాలాన్ని కూడా సగం ముక్కలుగా చూడాల్సి వస్తే పని ఎనిమిది రెట్లు. రేపు రాబోయే వాన సంగతి ఎల్లుండి తేలితే పత్తి రైతుకి ఏం లాభం? లూప్ వేగానికీ మన రాజురా చేలకీ ఉన్న సంబంధం అదే.

చుక్కల ముగ్గు చెప్పే పాఠం

ఆ వాతావరణ లెక్కని ముగ్గుతో చూపవచ్చు. నేల మీద ఎనిమిది అడ్డం, ఎనిమిది నిలువు చుక్కలు పెట్టండి. ఒక్కో చుక్క దగ్గర ఒక సంఖ్య, అక్కడి వేడి అనుకుందాం. ప్రతి చుక్క కొత్త విలువ దాని నాలుగు పక్కల చుక్కల పాత విలువల సగటు. ఒక పిల్లవాడు పాతది చెరిపి కొత్తది రాసేస్తే, పక్కవాడికి పాతది దొరకదు. బోర్డు మీది లెక్క పిల్లలు ఎక్కించుకోకముందే తుడిచేసినట్టు! రెండు పలకలు పెట్టుకుని, పాతవి ఒకదాని మీద ఉంచి కొత్తవి రెండోదాని మీద రాస్తే 64 మంది ఒకేసారి పనిచేయవచ్చు. ఇది పైకి కనిపించే అడ్డంకే తప్ప నిజమైన ఆధారం కాదు. ఇంకొంచెం చోటు ఇస్తే పోతుంది.

మరి ప్రతి చుక్కకీ ఎడమ చుక్క, పై చుక్క కొత్త విలువలే కావాలంటే? అప్పుడది నిజమైన ఆధారం. అడ్డువరసని పంచలేం, నిలువు వరసనీ పంచలేం. పిల్లలని కాసేపు చూడనివ్వండి, ఎవరో ఒకరు ఏటవాలుగా చూస్తారు. ఒక ఏటవాలు గీత మీదున్న చుక్కలకి ఒకదానితో ఒకటికి పని లేదు. వాటికి కావాల్సినవన్నీ అంతకుముందు గీతలోనే తేలిపోయాయి. మూలనుంచి మొదలుపెట్టి గీత తర్వాత గీత పూర్తి చేస్తే 64 చుక్కలు 15 అంచెల్లో ముగుస్తాయి.

ఈ ఏటవాలు చూపునే లెస్లీ లాంపోర్ట్ 1974లో, చాలా ప్రాసెసర్ల యంత్రం మీద లూపులు నడపడం గురించిన తన పరిశోధన పత్రంలో గణితంగా రాశారు. అంతకుముందే 1967లో కార్ప్, మిల్లర్, వినోగ్రాడ్ అనే ముగ్గురు ఇలాంటి చుక్కల ఆధారాల మీద పునాది వేశారు. 1990ల మొదట్లో ఫ్రాన్స్‌లో పాల్ ఫోట్రియే దాన్ని ముందుకి తీసుకెళ్లారు. లూప్‌లోని ఒక్కో చుట్టునీ ఒక చుక్కగా, ఆధారాలని బాణాలుగా చూసి, ఏ వాలులో నడిస్తే ఎక్కువమంది ఒకేసారి పనిచేయగలరో లెక్కగట్టే ఈ పద్ధతిని పాలీహెడ్రల్ పద్ధతి అంటారు. 2008లో ఉదయ్ బొందుగుల, ఆయన సహచరులు అమెరికాలోని ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంలో 'ప్లూటో' అనే పనిముట్టు తయారుచేశారు. ఒక్కడు చేసేలా రాసిన సి లూప్‌ని ఇస్తే, ఆధారాలు తానే వెతికి, వాలు తానే ఎంచి, పలకలుగా కోసి, చాలా కోర్లకి పంచిన ప్రోగ్రాంని అది రాసిస్తుంది. బొందుగుల అన్న ఇంటిపేరు మన చెవికి కొత్తది కాదు. ఆయన ఇప్పుడు బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థలో ఆచార్యులు.

లెక్కల మాస్టార్లకి ఒక్క మాట. ఆ ఏటవాలు గీత మీద అడ్డం సంఖ్య, నిలువు సంఖ్య కూడితే ఎప్పుడూ ఒకటే వస్తుంది. మనం రెండు చలరాశుల సమీకరణాలకి గ్రాఫు గీయించేటప్పుడు చెప్పే గీతే అది. "ఈ గీతలు జీవితంలో ఎక్కడ పనికొస్తాయి సార్?" అని పిల్లలు అడిగితే ఇక మీదట చెప్పడానికి మన దగ్గర జవాబుంది.

ఎంతమందిని పెట్టినా ఒక హద్దు

పది గంటల పనిలో తొమ్మిది గంటల పని పంచదగ్గది, ఒక గంట పని మాత్రం ఒక్కడే చేయాల్సింది అనుకుందాం. తొమ్మిది మందిని పెడితే పంచిన భాగం గంటలో అయిపోతుంది, మొత్తం రెండు గంటలు. వేగం ఐదు రెట్లు. తొమ్మిది వేల మందిని పెట్టినా ఆ ఒక్క గంట పోదు కాబట్టి పది రెట్లు దాటదు. 1967లో జీన్ ఆమ్‌డాల్ చెప్పిన ఈ మాటని ఆయన పేరుతోనే సూత్రంగా చెప్పుకుంటారు. పెళ్లికి వంటవాళ్లు ఎంతమంది వచ్చినా ముహూర్తం ముందుకి రాదు కదా! అందుకే కోర్లు కొనేముందు, పంచడానికి వీల్లేని ఆ గంటని ఎలా తగ్గించాలో ఆలోచించాలి.

ఇంగ్లీషు ఎక్కడ కావాలి?

ఇంతవరకు చదివిన దాంట్లో తెలుగుకి అందనిది ఏమైనా ఉందా? లూప్, క్యాష్ లాంటి పేర్లు బస్సు, రైలు లాగే మన నోట్లో ఇమిడిపోయాయి. సి భాష మొదటి ప్రమాణంలో ప్రత్యేకంగా కేటాయించిన మాటలు 32 మాత్రమే. ఆ 32 మాటలు నేర్చుకోవడానికి మన పిల్లలకి వారం చాలు. ఎవరి కోసం ఎవరు ఆగాలో తేల్చుకునే బుద్ధి మాత్రం వారంలో రాదు. అది లెక్కల తరగతిలో, అర్థమయ్యే భాషలో, ఏళ్ల తరబడి పెరగాలి.

నిజం కూడా చెప్పాలి. పై చదువుల్లో పుస్తకాలు, పరిశోధనలు, ఉద్యోగపు మాటలు ఇంగ్లీషులోనే ఉంటాయి. పిల్లలకి ఇంగ్లీషు గట్టిగా రావాలి. దాన్ని ఒక భాషగా బాగా నేర్పించమని మమ్మల్ని నిలదీయడం మీ హక్కు. కానీ అర్థంకాని భాషలో చక్రవడ్డీ బట్టీ పట్టిన పిల్లకి ఇంగ్లీషూ సగమే వస్తుంది, వడ్డీ లెక్కా సగమే వస్తుంది. రాజ్యాంగంలోని 350-ఎ అధికరణం భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకి ప్రాథమిక చదువు మాతృభాషలో అందేలా చూడమనడానికి కారణం సెంటిమెంటు ఒక్కటే అనుకోవద్దు. 2020 జాతీయ విద్యావిధానం మాధ్యమిక దశ నుంచే కోడింగ్ కార్యక్రమాలు ఉండాలంది. అవి మన బడుల్లో మన భాషలో జరగాలని అడగాల్సింది మనమే.

రేపటి నుంచే చేయగలిగినవి

తోటి ఉపాధ్యాయులకి మా సూచనలు నాలుగు. వీటికి కంప్యూటర్ అక్కర్లేదు, గదీ సుద్దముక్కా చాలు. ఒకటి, 64 సంఖ్యల కూడికని ఒక్కడితో, ఇద్దరితో, నలుగురితో, ఎనిమిది మందితో చేయించి అంచెలు లెక్కపెట్టించండి. రెండు, బోర్డు మీద ఒకే చోట ఇద్దరితో లెక్క కలిపించి, మొత్తం ఎలా తప్పుతుందో పిల్లలతోనే కనిపెట్టించండి. మూడు, వరండాలో చుక్కల ముగ్గు పెట్టించి ఏటవాలు వరసలు రంగులతో వేయించండి. నాలుగు, హాజరు పట్టీని రెండు రకాలుగా కూడించి ఎన్ని పేజీలు తిప్పారో రాయించండి. బడిలో ఒక్క కంప్యూటర్ ఉన్నా ఆ తర్వాత దాని దగ్గరికి వెళ్లవచ్చు. అప్పటికి పిల్లలకి ఏం అడగాలో తెలిసి ఉంటుంది.

తల్లిదండ్రులు చేయగలిగింది ఇంకా తేలిక. పండగనాడు ఇంట్లో పది పనులుంటాయి. బియ్యం కడగడం, పప్పు నానబెట్టడం, వాకిలి ఊడ్చడం, ముగ్గు వేయడం, తోరణం కట్టడం. ఏ పని దేని తర్వాతే జరగాలి, ఏవేవి ఒకేసారి చేసుకోవచ్చు, నలుగురున్న ఇంట్లో అన్నీ ఎంతసేపట్లో అవుతాయి అని పిల్లని అడగండి. కాగితం మీద బాణాలు గీసి చూపించమనండి. వాకిలి ఊడ్చకుండా ముగ్గు వేయలేమని, పప్పు నానుతున్నంతసేపట్లో తోరణం కట్టేయవచ్చని ఆమె చెబితే, బెంగళూరులో ఆచార్యులు ప్రోగ్రాంతో చేయించే పనిలో మొదటి మెట్టు మీ వంటింట్లోనే ఎక్కిందన్నమాట. ఆ కాగితం బడికి పంపండి. మిగతా మెట్లు ఎక్కించడానికి మేమున్నాం.